పాట పాడుతూ నవల రాయొచ్చా?

మా మెదక్‌లో ఎవరికి సన్మానం చేసినా మూడు ఉండి తీరాలి: శాలువా, జ్ఞాపిక, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అన్న మాట. మొదటి రెండూ ఇంటికెళ్లాక బీరువా ఎక్కుతాయి. మూడోది మాత్రం ఆ మనిషి పేరుకు ముందు అతుక్కుపోతుంది. రాస్తారు, ఆడతారు, పాడతారు అని మైకులో వరసపెట్టి చెప్తారు గానీ, ఏది ఎంత చేశారు, ఒక పని ఇంకో పనికి ఎక్కడ అడ్డం పడింది, చివరికి చేతిలో మిగిలిందేమిటి అని లెక్క చూసేవాళ్లు కనిపించరు. నాకు ఆ లెక్క మీదే ఆసక్తి. నవల రాసి, వేషం కట్టి, సంగీతం చేసిన మనిషి తెలుగులో ఉన్నారా? ఉంటే ఆ మూడింటిలో ఏది నిలిచింది?

నాకు తోచింది ముందే చెప్పేస్తాను. మూడూ చేతనైనవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. మూడింటినీ సమంగా మోసినవాళ్లు మాత్రం దాదాపు లేరు. మోయలేక దించిన ప్రతిసారీ దించింది నవలనే. ఇది ఆ మనుషుల లోపమని నేననుకోను. పాటకు, వేషానికి ఎదురుగా జనం ఉంటారు. నవలకు ఎదురుగా గోడ ఉంటుంది.

అసలు ఈ మూడు పనులూ వేరువేరని మనకు ఎవరు చెప్పారు? మెదక్‌కు దగ్గరలోనే, మంజీర ఏడు పాయలుగా చీలిన చోట, శివరాత్రికి వనదుర్గమ్మ జాతర మూడు రోజులు సాగుతుంది. ఇలాంటి జాతరల్లో చిందు భాగోతం చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. అక్కడ నటుడొకరు, గాయకుడొకరు ఉండరు. వేషం కట్టినవారే దరువు ఎత్తుకుంటారు, వారే మాట అందుకుంటారు, వారే అడుగేస్తారు. నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ చిన్ననాట కట్టిన గజ్జె ముసలితనం దాకా విప్పలేదు. ఆమెను నటి అనాలా, గాయని అనాలా అని ఆ ఊళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. ఒగ్గు కథ చెప్పేవాళ్లూ అంతే. మల్లన్న కథను రాత్రుళ్ల తరబడి నడిపిస్తారు. అందులో వంశాలున్నాయి, పెళ్లిళ్లున్నాయి, పగలున్నాయి, ప్రయాణాలున్నాయి. కొలత చూస్తే అది నవలే. కాగితం మీద లేదు, అంతే తేడా.

కాగితం వచ్చాకే పని చీలింది. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’, 1878లో కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ వచ్చాయి. కథను గొంతు లేకుండా, గజ్జె లేకుండా, ఒక్కరే కూర్చుని కళ్లతో చదువుకోవడం తెలుగువాళ్లకు అదొక కొత్త అలవాటు. చిత్రమేమిటంటే కందుకూరే 1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. చదివేవాళ్లను తయారుచేస్తూనే చూసేవాళ్లనూ పోగుచేయాల్సి వచ్చింది.

ఆ కాలంలో మూడు పనులనూ విడదీయకుండా అచ్చు యుగంలోకి నడిచొచ్చిన మనిషి ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). హరికథ తానే రాసి, తానే రాగం కట్టి, కాలికి గజ్జె కట్టి తానే ఆడేవారు. విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు. ఉమర్ ఖయ్యామును తెలుగు చేశారు, షేక్స్పియర్ దాకా వెళ్లారు. అంత పాండిత్యం, అంత కథా శక్తి ఉన్న మనిషి నవల జోలికి పోకపోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఐదు గంటలు సభను కట్టిపడేయగలిగినవారికి, ఏ ఊళ్లోనో ఎవరో ఎప్పుడో ఒంటరిగా చదువుకుంటారన్న ఊహలో ఏం రుచి ఉంటుంది?

ఇక రంగస్థలం. మైకులు లేని రోజుల్లో పద్యం పాడలేనివారికి వేషం దొరికేది కాదు. తొలి టాకీలు కూడా అదే పద్ధతిని తెచ్చుకున్నాయి: నాగయ్య, కన్నాంబ, భానుమతి తమ పాటలు తామే పాడుకున్నారు. 1940ల్లో నేపథ్య గానం వచ్చి ఈ జోడీని విడగొట్టింది. పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది. పదిహేనేళ్లు తిరిగేసరికి తెర మీద పాడే నటుడు అనే జాతే దాదాపు అంతరించింది. నటన, గానం విడిపోవడానికి కళాసిద్ధాంతాలు కారణం కాదు, రికార్డింగ్ థియేటర్ కారణం. ఈ చిన్న సంగతిని మన సాహిత్య చరిత్రలు పట్టించుకోవు. సినిమా చరిత్రలు పట్టించుకున్నా దాని పక్కన నవలను పెట్టి చూడవు.

ఆ విభజనకు తలవంచని మనిషి భానుమతి. 1939లో సి. పుల్లయ్య తీసిన ‘వరవిక్రయం’లో కాళింది వేషంతో వచ్చినప్పుడు ఆమెకు ఇంకా పద్నాలుగేళ్లే. అదే సినిమాలో తండ్రి పాత్ర వేసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం, ‘సత్య హరిశ్చంద్రీయం’ రాసిన నాటక కవి. అంటే కవి వేషం కట్టడం అప్పటికి వింత కాదు. వింత భానుమతి విషయంలో తర్వాత మొదలైంది. నేపథ్య గానం రాజ్యమేలుతున్న రోజుల్లోనూ తన పాత్రకు తన గొంతే అన్నారు. ‘మల్లీశ్వరి’ (1951)లో ఆ గొంతును ఆ ముఖం నుంచి విడదీసి ఊహించుకోగలరా ఎవరైనా? 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తానే దర్శకత్వం వహించి తీశారు. ‘చక్రపాణి’ (1954)కి సంగీతం చేశారు. స్టూడియో నడిపారు. చివర్లో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా ఉన్నారు. పద్మశ్రీ, పద్మభూషణ్ రెండూ వచ్చాయి.

ఇన్నింటి మధ్య ఆమె రాసినవేమిటో చూడండి: ‘అత్తగారి కథలు’. ఆత్మకథ ‘నాలో నేను’, దానికి జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో సినిమా మీద ఉత్తమ గ్రంథమన్న గుర్తింపు. చిన్న కథలు, జ్ఞాపకాలు. ఈ అత్తగారి కథలను తేలిక హాస్యమని పక్కన పెట్టే విమర్శకులున్నారు. నాకు ఆ తీర్పు నచ్చదు. ఆ కథల్లో అత్తగారు లోపలికొచ్చే తీరు, ఒక మాట అని ఆగే తీరు, కోడలు నోరు విప్పకుండా పాఠకుడి వైపు చూసే తీరు, ఇవన్నీ వేదిక తెలిసిన మనిషి చేతి పని. ఎంత సాగదీయాలో, ఎక్కడ తెర దించాలో ఆమెకు తెలుసు. సరిగ్గా ఆ తెలివే ఆమెను నవల వైపు పోనివ్వలేదేమో. ప్రతి కథా ఒక ‘సీను’ నిడివికి వచ్చి ముగుస్తుంది. షూటింగుకూ షూటింగుకూ మధ్య దొరికే ఖాళీ కూడా బహుశా అంతే.

మరి నవలను వదలని మనిషి? తెలుగులో ఈ ప్రశ్నకు అందరికంటే దగ్గరగా వచ్చేవారు అడవి బాపిరాజు (1895–1952). ‘నారాయణరావు’ విశ్వనాథ ‘వేయిపడగలు’తో కలిసి 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకుంది. తర్వాత ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’, ‘కోనంగి’, ఇంకా మరికొన్ని. అదే చేత్తో బొమ్మలు వేశారు. పాటలు రాసి, వరసలు కట్టి, స్నేహితుల మధ్య తానే పాడేవారు. ‘బాపి బావ’ పాట లేని గోష్ఠి ఆ తరంవాళ్లకు గోష్ఠి కాదు. సినిమాలకు కళాదర్శకత్వం చేశారు. బందరు జాతీయ కళాశాలలో పనిచేశారు. 1940ల్లో హైదరాబాద్ వచ్చి ‘మీజాన్’ తెలుగు పత్రికకు సంపాదకత్వం వహించారు. నటన ఒక్కటే ఈ జాబితాలో పలచన. దాని బాకీ ‘కోనంగి’ తీర్చుకుందనుకోవచ్చు. అందులో హీరో మద్రాసు చేరి సినిమా నటుడవుతాడు.

బాపిరాజు నవలలకు పాట చేసిన మేలేమిటి, కీడేమిటి? మేలు అందరూ చెప్పేదే: వాక్యానికి నడక వచ్చింది, దృశ్యానికి రంగొచ్చింది. కీడు గురించి తక్కువ మాట్లాడతారు. పాటగాడికి రసం అందిన చోట ఆగిపోవడం అలవాటు. పల్లవికి తిరిగి రావడం అలవాటు. బాపిరాజు నవలల్లో కథ ఎన్నోసార్లు అలా పల్లవి దగ్గరికి వెనక్కొస్తుంది. ఒక సాయంకాలం, ఒక నది, ఒక అమ్మాయి కళ్లు, మళ్లీ నది. అతి మంచితనం నిండిన నాయకులు మనల్ని అప్పుడప్పుడూ విసిగిస్తారు. అయినా ‘గోన గన్నారెడ్డి’ తెరిస్తే యాభై పేజీల లోపే లోపలికి లాగేస్తుంది. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా పుణ్యమా అని గన్నారెడ్డి పేరు తెలియని కుర్రాడు మా జిల్లాలో లేడు. అల్లు అర్జున్ చెప్పిన డైలాగులు వాళ్లకు కంఠతా వచ్చు. ఆ పేరు మీద నవల ఒకటుందని చెప్తే మాత్రం ముఖం వింతగా పెడతారు. మా మెదక్‌లోని కాకతీయుల నాటి కోట నీడలో కూర్చుని ఆ సంగతి చెప్పాల్సి రావడం నాకు కొంచెం బాధే. కానీ ఇక్కడా అదే సూత్రం: వేషం గెలిచింది, నవల అడుగున పడింది.

గొల్లపూడి మారుతీరావు (1939–2019) దారి తలకిందులు. ఆయన ముందు రచయిత, నాటకాలు, రేడియో, నవలలు. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’తో సినిమా రచనలోకి వచ్చారు, అదీ కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా తీసిన సినిమా. నటుడిగా ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ 1982లో. అప్పటికి నలభై మూడేళ్లు. ఆ తర్వాత రెండొందల యాభైకి పైగా సినిమాలు. ‘సాయంకాలమైంది’ లాంటి నవల రాసిన చెయ్యి అది. కానీ వీధిలో ఆయన్ను గుర్తుపట్టేది వెటకారపు నవ్వు నవ్వే ఆ పాత్రల్ని బట్టే. సంగీతం ఆయన దారి కాదు. తనికెళ్ల భరణి దగ్గర నటన, నాటకం, శివతత్వాలు రాసి గొంతెత్తి పాడుకోవడం మూడూ ఉన్నాయి, నవల లేదు. దర్శకుడు వంశీ దగ్గర నవల ఉంది. ‘మహల్లో కోకిల’ రాసి దాన్నే ‘సితార’ (1984)గా తీశారు. సంగీతం మీద ఆయనకున్న పిచ్చి సినిమా చూసినవాళ్లందరికీ తెలుసు. వేషం మాత్రం లేదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కాలు తక్కువ. ముక్కాలిపీట పూర్తి కాదు.

ఇంకొక కారణం కూడా చెప్పాలి, అది డబ్బు. 1960ల నుంచి రెండు మూడు దశాబ్దాలు వారపత్రికల సీరియళ్లు నవలను బతుకుతెరువు చేశాయి. యద్దనపూడి, యండమూరి కాలంలో నవల రాయడం పూర్తికాలపు ఉద్యోగమైంది. వారం వారం కాపీ ఇవ్వాల్సినవారికి రిహార్సల్‌కు వెళ్లే తీరిక ఎక్కడిది? అలా నవల బాగా అమ్ముడైన కాలంలోనే నవలాకారులు ఇంకే పనీ చేయలేదు. అమ్ముడుపోని కాలంలో మిగతా పనులు చేసుకుంటూ నవల మానేశారు. రెండు వైపులా నష్టమే.

ఇప్పుడు మా జిల్లాకు వస్తాను. మెదక్ నేల మీద పాట పుట్టినంతగా నవల పుట్టలేదు. ఇక్కడికి దగ్గర్లోని కొల్చారం మల్లినాథ సూరి పేరుతో ముడిపడిన ఊరు. కాళిదాసును లోకానికి విప్పి చెప్పిన వ్యాఖ్యాత ఆయన. అప్పటి నుంచీ మాది ఇతరుల కావ్యానికి గొంతునిచ్చే నేలేమో అని నవ్వులాటకు అంటుంటాను. నవ్వులాట పక్కన పెడితే, ఈ ప్రశ్నకు ఈ ప్రాంతం ఇచ్చిన జవాబులు రెండు. ఒకటి తూప్రాన్ గద్దర్, రెండు ప్రజ్ఞాపూర్ బి. నర్సింగరావు. ఇద్దరూ నవలాకారులు కారు. ఇద్దరినీ చూడకుండా నవల సంగతి తేలదు.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. మొదట బుర్రకథ దళంతో ఊళ్లు తిరిగారు. 1970ల మొదట్లో నర్సింగరావు హైదరాబాద్‌లో నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంతో కలిశారు, ఆ కలయికలోంచే జన నాట్య మండలి వచ్చింది. గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఆ రూపం అందరికీ తెలుసు. అందరూ గమనించనిది పాట మధ్యలో ఆయన చేసే పని. చరణానికీ చరణానికీ నడుమ పాట ఆపేస్తారు. తల్లి అవుతారు, కొడుకు శవం కోసం వెతుకుతారు. మరుక్షణం పోలీసవుతారు. మళ్లీ చెల్లెలవుతారు. మాటలు చెప్తారు, ఏడుస్తారు, నవ్విస్తారు, దరువు అందుకుని పాటలోకి దూకుతారు. గంటన్నర నడిచే ఆ ప్రదర్శనలో అరడజను పాత్రలు, ఒక ఊరు, ఒక తరం కనిపిస్తాయి. నవల చేసే పని ఇదే కదా! విమర్శకులు గద్దర్ పాటల పాఠాన్ని కాగితం మీద పెట్టి పరీక్షించినప్పుడల్లా సగం మనిషి తప్పించుకుపోయాడు. ఆ పుస్తకాలు చూస్తే పలచగా ఉంటాయి. మాట మధ్య ఆగిన ఊపిరి అచ్చులోకి రాలేదు మరి.

సినిమాలో ఆయన లెక్క చిన్నదే. ‘మా భూమి’లో బండి యాదగిరి పాటను తెర మీద పాడారు. ‘ఒరేయ్ రిక్షా’ (1995) పాటకు వచ్చిన నంది అవార్డును తీసుకోనన్నారు. 2011లో ‘జై బోలో తెలంగాణ’లో పాట పాడి కనిపించారు. 2023 ఆగస్టు 6న పోయారు. రెండేళ్లు తిరక్కుండానే తెలంగాణ ప్రభుత్వం ఆ నంది అవార్డుల స్థానంలో ఆయన పేరుతోనే సినిమా పురస్కారాలు ఇచ్చింది. ఒకప్పుడు వద్దన్న చేతి పేరే బహుమతి మీదికి ఎక్కింది.

నర్సింగరావు చేతిలో ఉన్న పనిముట్లు ఇంకా ఎక్కువ: కవిత్వం, చిత్రకళ, ఛాయాచిత్రం, నటన, సంగీతం, దర్శకత్వం. ‘రంగుల కల’ (1983)లో చిత్రకారుడి పాత్ర తానే వేశారు. ‘దాసి’ (1988)కి ఐదు జాతీయ పురస్కారాలొచ్చాయి. గడీలో దాసి కమలాక్షి నడిచే తీరు, మాట్లాడకుండా నిలబడే తీరు చూస్తే, ఒక గొప్ప తెలంగాణ నవల పుస్తకం కాకుండా నేరుగా సినిమాగా పుట్టిందనిపిస్తుంది. అంతకుముందు ఆయన నిర్మించిన ‘మా భూమి’కి మూలం నవలే. అదైనా తెలుగు నవల కాదు, కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. షూటింగ్ మా జిల్లా మంగళపర్తిలో. మా పొలాల కథ మా దగ్గరికి బొంబాయి రచయిత ఉర్దూలోంచి, కలకత్తా దర్శకుడి కెమెరాలోంచి తిరిగొచ్చింది. పాటలు మాత్రం మావే. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోవాల్సిన పని పడలేదు.

బయటి లోకంలోనూ తూనిక ఇలాగే మొగ్గుతుందా? చాలావరకు. కెనడాకు చెందిన లియొనార్డ్ కోహెన్ 1963లో ఒకటి, 1966లో ఒకటి నవలలు వేశారు. 1967లో మొదటి పాటల రికార్డు వచ్చింది. అంతే, ఆ తర్వాత నవల ఊసే లేదు. ఫ్రాన్సులో బోరిస్ వియాన్ నవలలు రాశారు, ట్రంపెట్ ఊదారు, పాటలు కట్టి పాడారు, సినిమాల్లో చిన్న వేషాలూ వేశారు. 1959లో తన నవల ఆధారంగా ఇతరులు తీసిన సినిమాను చూస్తూ థియేటర్‌లోనే కుప్పకూలి చనిపోయారు. అప్పటికి నలభయ్యేళ్లు కూడా నిండలేదు.

సూత్రానికి లొంగనివారు ఇద్దరు మనకు పక్కనే ఉన్నారు. రవీంద్రుడు 1881లో ‘వాల్మీకి ప్రతిభ’లో వాల్మీకి వేషం కట్టారు, రెండు వేలకు పైగా పాటలకు వరసలు కట్టారు, ‘గోరా’ రాశారు. 1919లో ఆయన మదనపల్లెలో ఉండగా ‘జనగణమన’ వరసకు స్వరాలు కుదిరింది మన గడ్డ మీదే. రెండోవారు కన్నడ శివరామ కారంత్. నలభైకి పైగా నవలలు, 1977లో జ్ఞానపీఠం, అదే మనిషి యక్షగానంలోకి దిగి అడుగులేశారు, ఆ కళను తిరగరాశారు. వీళ్లకెలా కుదిరింది? రవీంద్రుడికి జొరాసాంకోలో ఇంట్లోనే రంగస్థలం ఉంది, వెనక జమీందారీ ఉంది. కారంత్‌కు జమీందారీ లేదు గానీ ఒక మొండి నమ్మకం ఉంది. యక్షగానం, నవల రెండూ ఒకే ఊరి కథలని ఆయన అనుకున్నారు. ఊళ్లో ఆట చూసినవారే తన నవల చదవాలని ఆశపడ్డారు. మనవాళ్లలో నవల రాసేవారు భాగోతం చూసేవారి వైపు చూడలేదు. భాగోతం ఆడేవారికి నవల అందలేదు. మా మెదక్ చుట్టూ యక్షగానం ఇన్ని తరాలు ఆడింది. దాన్నుంచి ఒక్క నవలా రాకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఈ రెండు గుంపులూ ఒకే అరుగు మీద కూర్చోలేదు.

ఇప్పుడు ఫోను వచ్చి రికార్డింగ్ థియేటర్ విడదీసినదాన్ని మళ్లీ కలిపింది. పల్లెల్లో కుర్రాళ్లు తామే రాసి, తామే వరస కట్టి, తామే నటించి యూట్యూబ్‌లో పెడుతున్నారు. చిందు భాగోతం పద్ధతే, తెర మాత్రమే చిన్నది. నవల ఇంకా బయటే నిలబడి ఉంది. అయితే ఆడియో పుస్తకాలు మెల్లగా అలవాటవుతున్నాయి. నవలాకారులే తమ నవలను గొంతు మార్చి మార్చి చదవడం మొదలుపెడితే, దరువు తెలిసినవారైతే మధ్యలో ఒక రాగం తీస్తే, పని మళ్లీ ఒకరి చేతికి రావచ్చు. అంతసేపు ఎవరు వింటారని అడుగుతారు. నాలుగొందల పేజీల నవలను పైకి చదివితే పన్నెండు, పదిహేను గంటలు. ఒగ్గు డోలు ముందు మల్లన్న కథకు జనం అంతకంటే ఎక్కువసేపే కూర్చుంటారు. ఏడుపాయల జాతర మూడు రోజులు.